కొలతమ్మ వదులుకున్న ఒళ్ళు

మా ఊళ్ళో కాస్త ఒళ్ళున్న ఆడవాళ్ళు బట్టల దుకాణానికి వెళ్ళి, ఒక గౌను తొడుక్కుని అద్దంలో చూసుకుని, "అచ్చం నా కోసమే కుట్టినట్టుంది" అని మురిసిపోతుంటారు. వాళ్ళ కోసం కుట్టిందేమీ కాదు. కొలతమ్మ కోసం కుట్టింది. వాళ్ళు కొనుక్కున్నారు, అంతే.

కొలతమ్మ అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. మేము పనిచేసేది రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో. వందల బట్టలు ఒక్కసారిగా కత్తిరించే ముందు, ఒక్కటి నమూనాగా కుట్టి, నిజం మనిషికి తొడిగి చూస్తారు. బొమ్మకి తొడిగితే ఏదైనా బాగానే ఉంటుంది. బొమ్మ చేతులెత్తదు, కూర్చోదు, బస్సెక్కదు, చంక కింద కోసుకుపోతోందని నోరు విప్పి చెప్పదు. పెద్ద సైజుకి మా నిజం మనిషి కొలతమ్మ. కత్తిరింపు గది మధ్యలో ఒక చెక్క పీట ఉండేది. నేనూ మా కటింగ్ మాస్టరూ నోట్లో గుండుసూదులు పెట్టుకుని చుట్టూ తిరుగుతుంటే, ఆవిడ దాని మీద నిలబడి పైకప్పు వైపు చూస్తూ తీర్పులు చెప్పేది. "వీపు పట్టేసింది. చెయ్యి మరీ వదులు. ఇది వేసుకుని ఎవరన్నా వంగితే కుట్టు పుటుక్కుమంటుంది, నా పూచీ లేదు." ఆవిడ బాగుందంటే బట్ట బాగున్నట్టే. మాస్టరు కూడా మారుమాట్లాడేవాడు కాదు.

నేను కత్తిరించే దాన్ని కాబట్టి నన్ను 'కత్తెరా' అని పిలిచేది. నేను అక్కా అనేదాన్ని. రక్తసంబంధం ఏమీ లేదు. ఒకే మేడలో ఎదురెదురు తలుపులు, ఒకే బస్సులో రాకపోకలు, ఒకరి ఇంట్లో పంచదార అయిపోతే ఇంకొకరి డబ్బా మీద పడటం. అంతకన్నా దగ్గర చుట్టరికం నేనైతే చూడలేదు.

లావుగానే ఉండేది. దాచి లాభం లేదు. అలాగని జనం దారిలో ఆగి చూసేంత లావు కాదు. బస్సులో పక్కవాళ్ళు కాస్త సర్దుకుని కూర్చోవాలి, ఆ మాత్రం. సెలవు రోజున మేమిద్దరం బజారుకి వెళ్తే, మా ఫ్యాక్టరీ బట్టలు వేసుకున్న ఆడవాళ్ళు ఎదురయ్యేవారు. అక్క నన్ను మోచేత్తో పొడిచి, "చూడవే కత్తెరా, నా ఒళ్ళు నాలుగు రంగుల్లో షికారు చేస్తోంది" అని పొట్ట పట్టుకుని నవ్వేది. అప్పుడు అది వట్టి హాస్యమే.

ఇంట్లో ఆవిడకి ఉన్నది తల్లి ఒక్కతే. భర్త పెళ్ళైన కొత్తలోనే పోయాడు, పిల్లలు లేరు. తల్లిని నేను పెద్దమ్మా అనేదాన్ని. పెద్దమ్మకి చూపు పూర్తిగా పోయింది. చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే తప్ప వినపడదు, అరిచిన గొంతులన్నీ ఆమెకి ఒకేలా ఉంటాయి. బుర్ర మాత్రం పాదరసం. మనుషుల్ని చేత్తోనే పోల్చుకునేది. కత్తెర పట్టీ పట్టీ నా బొటనవేలి దగ్గర కాయ కాసింది. అది తడిమి, "వచ్చావుటే కత్తెరా" అనేది. కూతురికైతే తడమాల్సిన పని కూడా లేదు. అక్క గదిలోకి రాగానే ఆ నడకకి మంచం అదిరేది. పెద్దమ్మ వేళ్ళు దొన్నెలా వంచి చెయ్యి గాల్లోకి చాచేది. అక్క తన ముంజేతిని తెచ్చి అందులో పెట్టేది. నిండుగా పట్టేది.

రాత్రిళ్ళు ఇద్దరూ ఒకే మంచం మీద. తల్లి ఎప్పుడూ కూతురికి ఎడమ పక్కనే పడుకుని, చెయ్యి కూతురి పొట్ట మీద వేసుకుని నిద్రపోయేది. అక్క పడుకునే చోట పరుపు బాగా లోతుగా దిగిపోయి ఉండేది. ఆ గుంట మీద దుప్పటి ఎంత లాగి పరిచినా సాపుగా ఉండేది కాదు.

అదే పెద్దమ్మ పొద్దస్తమానం కూతురి చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది. "తగ్గవే. ఒసేయ్, కాస్త తగ్గవే. ఆ రెండో రొట్టె అక్కడ పెట్టు. మెట్లెక్కుతుంటే మేడ ఊగిపోతోంది." అలా అంటూనే తన కంచంలో ఉన్న గుడ్డు తడిమి తీసి కూతురి కంచంలో వేసేది. నేను నవ్వాపుకోలేకపోయేదాన్ని. అక్కకి అలవాటైపోయి చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు. ఉండేది కాదని మేమనుకున్నాం.

మా మేడలో లిఫ్టు ఉన్నా లేనట్టే. ఒకరోజు తల్లిని కంటి డాక్టరుకి చూపించి తీసుకొస్తూ, మెట్ల మలుపులో అక్క కూర్చుండిపోయింది. తల్లి బరువంతా ఎడమ భుజం మీద. ఊపిరి అందట్లేదు, లేవలేకపోతోంది. నేను పైనుంచి పరుగెత్తుకెళ్ళి ఇద్దరినీ లేపాను. ఆ సాయంత్రం అక్క మొహంలో నవ్వు లేదు.

"నాకేమన్నా అయితే అమ్మకి దిక్కెవరే?" అంది.

అక్కడ మొదలైంది. ముందు వెళ్ళిన డాక్టరు పెద్దాయన. పరీక్షలన్నీ చేయించి, కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి చెప్పాడు. "మీరు మధ్యలో ఉన్నారమ్మా. ఇంకా చాలా లావుంటే ఆపరేషన్ చేయించుకోమనేవాణ్ణి. షుగరుంటే, ఇంత లావుకైనా ఆలోచించమనేవాణ్ణి. మీకవేవీ లేవు. వద్దని గట్టిగా అనలేను, కానివ్వండి అనీ అనలేను. ముందు నడక, తిండి, కావాలంటే మందులు. చూద్దాం." మధ్యలో ఉన్నవాళ్ళకి సలహా కూడా మధ్యలోనే దొరుకుతుందని నాకు అప్పుడే తెలిసింది.

నడిచింది. తిండి తగ్గించింది. ఒళ్ళు కొంచెం పోయింది, మళ్ళీ వచ్చింది, వస్తూ వస్తూ చుట్టాల్ని కూడా వెంటబెట్టుకొచ్చింది. అప్పుడు ఎవరో చెప్తే ఇంకో ఆసుపత్రికి వెళ్ళాం. చల్లగా, శుభ్రంగా, గాజు తలుపులతో ఉంది. అక్కడి కుర్ర డాక్టరు కాగితం మీద పొట్ట బొమ్మ గీసి, చాలా భాగం కోసి తీసేసి మిగిలింది సన్నటి గొట్టంలా కుట్టేస్తామన్నాడు.

"చిన్నది చేసి కుట్టేస్తారా. మా పనేనండీ" అని నవ్వింది అక్క.

ఆ గోడల నిండా జంట ఫొటోలు. ఎడమ పక్క లావుగా ఉన్న మనిషి, కుడి పక్క అదే మనిషి సన్నబడి. కుడి పక్కవాళ్ళంతా నవ్వుతున్నారు. ఎడమ పక్కవాళ్ళు మాత్రం మనల్నే చూస్తున్నారు. అక్క చాలాసేపు వాటి ముందు నిలబడి, "ఈ ఎడమ పక్కవాళ్ళందరూ ఇప్పుడెక్కడున్నారండీ?" అని అడిగింది.

"కుడి పక్కన ఉన్నారు కదండీ" అన్నాడు డాక్టరు.

అందరం నవ్వాం. కానీ మెట్లు దిగేటప్పుడు అక్క రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీకేం రోగమని కోయించుకుంటావు? ఊరంతా నీ కొలతకి బట్టలు వేసుకుంటుంటే నువ్వు ఎవరి కొలతకి సరిపోవాలని?" అని దులిపేశాను. ఆవిడ నిదానంగా, "నువ్వు మీ అమ్మని ఎత్తుకుని మెట్లెక్కక్కర్లేదుగా" అంది. ఇప్పటికీ ఎవరన్నా నన్ను, ఇలాంటి మధ్య రకం లావుకి ఆపరేషన్ మంచిదా కాదా అని అడిగితే, నేను డాక్టర్ని కాదు, నన్నడక్కండి అంటాను. జరిగింది మాత్రం చెప్తాను.

తల్లికి అసలు సంగతి చెప్పలేదు. భయపడుతుందని. ఆపరేషన్ తర్వాత చాన్నాళ్ళు బరువులు ఎత్తకూడదన్నారు కాబట్టి, పెద్దమ్మని వేరే ఊళ్ళో ఉన్న ఆమె చెల్లెలింటికి పంపించాం. "ఫ్యాక్టరీలో పనెక్కువగా ఉందమ్మా, వానలు మొదలయ్యాక తీసుకొస్తాను" అని చెవిలో అరిచి చెప్పింది అక్క. పెద్దమ్మ ఆ ముంజేతిని వదల్లేదు. కారు కదిలాక గానీ వేళ్ళు విడలేదు.

ఫ్యాక్టరీలో మాస్టరుకి తల ప్రాణం తోకకి వచ్చింది. "ఈవిడ తగ్గిపోతే మన పెద్ద సైజు గతేం కాను" అని, అక్క ఒంటికి సరిగ్గా ఒక బొమ్మ తయారుచేయమని నన్ను కూర్చోబెట్టాడు. మా పనిలో ఒక పద్ధతుంది. మనిషిని సగమే కొలుస్తాం. వెన్ను మధ్య నుంచి రొమ్ము మధ్య దాకా, కుడి పక్క సగం. గుడ్డ మడతపెట్టి కత్తిరిస్తే రెండో సగం దానంతటదే వస్తుంది. మా దగ్గర ప్రతి బట్టా అలా మడతలోంచే పుడుతుంది. బొమ్మని కూడా అలాగే చేశాను. పాత చెక్క బొమ్మకి దూది పొరలు పొరలుగా చుట్టి, అక్క వాడి వదిలేసిన నీలం గౌను గుడ్డతో పైన బిగించి కుట్టాను. చేతులకి కూడా దూది కూరి అతికించాను. తల లేదు, అంతే తేడా.

అక్క దాని ఎదురుగా నిలబడి కిందా మీదా చూసింది. "నాకన్నా బుద్ధిగా నిలబడుతోందే" అంది.

ఆపరేషన్ బాగా జరిగింది. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి కథల్లో ఏదో వికటిస్తుందని చూస్తారు. ఏదీ వికటించలేదు. కుట్లు చక్కగా మానాయి. జ్వరం లేదు, వాంతులు లేవు. నెల నెలా ఒళ్ళు జారిపోతూ వచ్చింది. మెట్లు గబగబా ఎక్కేది. పైకెళ్ళి నా కోసం నిలబడి, "ఏమే, ముసలిదానివైపోయావా?" అని వెక్కిరించేది. అది కూడా చెప్పకపోతే నేను అబద్ధాలకోరుని.

ఒక్కటే అనేది. "ఆకలి తెలియట్లేదే. గడియారం చూసుకుని తింటున్నాను. ఏనాడూ నన్ను వదిలి ఉండలేదు, ఎటు పోయిందో."

డాక్టరు అది మామూలే అన్నాడు. మామూలే అయ్యుంటుంది.

అక్కని బొత్తాలు, కుట్లు సరిచూసే విభాగానికి మార్చారు. పీట మీదికి బొమ్మ ఎక్కింది. జనం నాలుక ఎలాంటిదో చూడండి, వారం తిరక్కుండానే బొమ్మనే కొలతమ్మ అనడం మొదలుపెట్టారు. "ఇది కొలతమ్మకి వేసి చూడండి" అని మాస్టరు కేకేస్తే, గది చివర అక్క చటుక్కున లేచి నిలబడేది. నాలుగడుగులు వేశాక, పిలిచింది తనని కాదని గుర్తొచ్చి, వచ్చిన దారినే వెళ్ళి కూర్చునేది. ఒకసారి కాదు, చాలాసార్లు.

బజారుకి రావడం మానేసింది. ఒకసారి నేనే బలవంతంగా లాక్కెళ్ళాను. ఎదురుగా ఒకావిడ మా గౌను వేసుకుని, అచ్చం అక్క పాత ఒంటితో, అదే వెడల్పుతో, నిదానంగా నడిచి వస్తోంది. అక్క నా చెయ్యి పట్టుకుని పక్క దుకాణం మెట్లెక్కేసింది. ఆవిడ వెళ్ళిపోయేదాకా అటు తిరిగి నిలబడింది.

"ఏమయింది?" అన్నాను.

"నన్ను చూసిందంటావా?" అంది.

వానలు మొదలయ్యాక పెద్దమ్మ వచ్చింది. కారు ఆగగానే అక్క తలుపు తీసి, ఎప్పట్లాగే తన ముంజేతిని తల్లి చేతిలో పెట్టింది. పెద్దమ్మ వేళ్ళు దొన్నెలా వంగి ఉన్నాయి. ఆ చెయ్యి అందులో పడి, అటూ ఇటూ ఖాళీ మిగిలింది. పెద్దమ్మ దాన్ని మోచేతి దాకా తడిమింది, భుజం తడిమింది. తర్వాత మర్యాదగా చెయ్యి వెనక్కి తీసుకుని, "మీరెవరమ్మా? మా అమ్మాయి రాలేదా?" అంది.

అక్క చెవిలో అరిచి చెప్పింది. నేను అరిచి చెప్పాను. ఆపరేషన్ సంగతి, దాచిన సంగతి, అన్నీ చెప్పాం. పెద్దమ్మ అంతా వింది. నా బొటనవేలు తడిమి చూసుకుని, "నువ్వు కత్తెరవే. ఇలా చెప్పమని నీకెవరు నేర్పారే?" అంది.

డాక్టరుకి చూపిస్తే పెద్దతనం అన్నాడు. నేను నమ్మలేదు. ఆమెకి మా ఇంటి పంచదార అప్పులతో సహా అన్నీ గుర్తున్నాయి. కూతురి విషయంలో మాత్రం ఒకటే మాట. ఈ ఎముకల మనిషి ఎవరో, తన కూతురి ఇంట్లో చేరింది. కూతురు ఎక్కడో ఉంది.

అప్పటిదాకా అక్కని 'ఒసేయ్' అని తప్ప పిలిచి ఎరగని మనిషి, ఇప్పుడు 'మీరు' అనేది. "మీరు కాస్త దూరంగా పడుకోండమ్మా. అది మా అమ్మాయి చోటు." అక్క కింద చాప వేసుకుంది. పొద్దున్నే నాతో బస్సెక్కేటప్పుడు ఒక్కటే అడిగేది. "ఒక్కసారి 'ఒసేయ్' అంటుందంటావా? ఒక్కసారి అంటే చాలే నాకు. అనకుండానే అమ్మ పోతే, నన్ను కన్నవాళ్ళు ఎవరూ లేనట్టే కదా."

కొన్నాళ్ళకి పెద్దమ్మ గొడవ చేయడం మానేసింది. మేము కుదుటపడిందనుకున్నాం.

ఒకరోజు నాకు ఒంట్లో బాగాలేక పనికి వెళ్ళలేదు. మధ్యాహ్నం పెద్దమ్మ తిన్నదో లేదో చూద్దామని ఎదురింటి తలుపు తోశాను. బయట ముసురు. గదిలో మసక వెలుతురు. పెద్దమ్మ మంచం మీద కూర్చుని ఉంది. చెయ్యి పక్కకి చాచి, వేళ్ళు దొన్నెలా వంచి ఉంది. ఆ వేళ్ళు మెల్లగా నొక్కుతూ, వదులుతూ ఉన్నాయి. మధ్యలో ఏమీ లేదు.

తలుపు గాలి మొహానికి తగిలి ఇటు తిరిగింది. దగ్గరకెళ్ళి నా వేలు అందించాను.

"కత్తెరా, సమయానికి వచ్చావే. దీనికి ఆకలేస్తోందట. ఈ ఇంట్లో ఉన్నావిడ ఏమీ పెట్టట్లేదట. నా కంచంలో సగం పెట్టాను, సరిపోలేదు. ఇంకో రొట్టె ఉందేమో చూడు."

"ఎవరికి పెద్దమ్మా?" అని చెవిలో అరిచాను.

"ఎవరికేంటే. రోజూ ఆవిడ బయటికెళ్ళగానే వస్తుందిది. పాపం, భయం."

కంచం ఖాళీగా ఉంది. పెద్దమ్మే తిని ఉంటుంది, ఇంకెవరు తింటారు. నేను మంచం ఆ చివరకి వెళ్ళి, పరుపులోని గుంటలో అరచెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. ఎండ పడిందేమోనని కిటికీ వైపు చూశాను. మూడు రోజులుగా ఎండ లేదు. చెయ్యి తీసేసి రెండడుగులు వెనక్కి వేశాను. అప్పుడు ఎవరూ కూర్చోని ఆ పక్క మంచం కిర్రుమంది. లావుపాటి మనిషి నాకు చోటిద్దామని కాస్త సర్దుకుంటే ఎలా ఉంటుందో, అలా.

పెద్దమ్మ నవ్వింది. "ఒసేయ్, కాస్త తగ్గవే. మంచం విరుగుతుంది" అంది ఆ పక్కకి తిరిగి.

నేను ఇంటికి ఎలా వచ్చి పడ్డానో నాకు తెలియదు.

సాయంత్రం అక్కకి చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. ఆవిడ "ఒసేయ్ అందా?" అని అడిగింది. అందన్నాను. అక్క మొహం చూడలేక నేను పొయ్యి వైపు తిరిగాను.

ఇంకో సంగతి మాత్రం చెప్పలేదు. వానలు మొదలైన దగ్గర్నుంచి బొమ్మ ఒళ్ళు చేస్తోంది. గౌన్లు నడుము దగ్గర పట్టేస్తుంటే టేపు పెట్టి చూశాను, కొలత పెరిగింది. దూది చెమ్మ పీలుస్తుంది, మాకది కొత్త కాదు. కానీ అక్క సన్నబడ్డకొద్దీ అది లావవుతుంటే చూడలేక, సాయంత్రం ఇంటికెళ్ళేటప్పుడు దాన్ని గోడ వైపు తిప్పేసేదాన్ని.

రెండు రోజుల తర్వాత అక్క నా ఇంటికొచ్చి కూర్చుంది. "ఆ బొమ్మ మీద ఉన్నది నా ఒళ్ళే కదే. విప్పి నాకు తొడుగు" అంది.

నేను వద్దనలేదు. ఆవిడ ఏం కోరుకుంటోందో నాకు తెలుసు.

ఆదివారం పగలు కాపలావాడికి ఏదో చెప్పి ఫ్యాక్టరీ తెరిపించాం. మిషన్లన్నీ ఆగి ఉంటే ఆ గది ఎంత పెద్దదో అప్పుడు తెలిసింది. పీట మీది బొమ్మ తలుపు వైపు తిరిగి ఉంది. శనివారం నేను దాన్ని గోడ వైపు తిప్పి వెళ్ళాను. ఊడ్చేవాళ్ళు తిప్పి ఉంటారనుకుని వెన్ను మీద కుట్టు విప్పడం మొదలుపెట్టాను. లోపలి దూది తడిగా, గోరువెచ్చగా ఉంది. అక్క పూసుకునే పౌడరు వాసన వచ్చింది. ఆ దూదిని అలాగే పొరల మీద తీసి, లోపలి చొక్కాలా, చేతులతో సహా కుట్టి అక్కకి తొడిగాను. పైన ఆవిడ పాత గౌనొకటి వేశాను. నా పనితనానికి నేనే భయపడ్డాను. పీట మీద పాత అక్క నిలబడి ఉంది. పక్కన చెక్క బొమ్మ బోసిగా ఉంది.

వీధిలో పళ్ళ బండివాడు అక్కని చూసి, "ఏమ్మా, ఎన్నాళ్ళయింది కనపడి. ఊళ్ళో లేరా?" అన్నాడు. రోజూ వాడి ముందు నుంచే వెళ్ళేది. ఒక్కనాడూ పలకరించలేదు.

అక్క కావాలని అడుగులు బరువుగా వేస్తూ గదిలోకి వెళ్ళింది. మంచం అదిరింది. పెద్దమ్మ చెయ్యి చాచింది. అక్క దూది కట్టిన ముంజేతిని అందులో పెట్టింది. నిండుగా పట్టింది. పెద్దమ్మ మొహం విచ్చుకుంది. పెదాలు 'ఒ' అని తెరుచుకున్నాయి కూడా. నేను చూశాను. రెండో చెయ్యి కూడా చాచి కూతుర్ని దగ్గరకి లాక్కుంది. భుజాలు తడిమింది, వీపు తడిమింది, నడుముకి రెండు పక్కలా అరచేతులు పెట్టింది. అక్కడ ఆగిపోయింది. మళ్ళీ భుజాల దగ్గరకి వెళ్ళి, రెండు చేతులతో ఒకేసారి కిందికి దిగుతూ వచ్చింది.

"రెండు పక్కలా ఒకటే ఉంది" అంది.

సగం కొలిచి మడత పెట్టాం. బట్టకి సరిపోతుంది. కానీ ఆ కూతురు ఏళ్ళ తరబడి తల్లి బరువు ఎడమ పక్కనే మోసింది. ఎడమ భుజం కాస్త కిందికి, ఎడమ నడుము కాస్త పైకి, ఎడమ చెయ్యి కాస్త లావు. తల్లి పడుకున్నదీ పట్టుకున్నదీ ఆ పక్కే. మేము కొలిచింది కుడి పక్క.

పెద్దమ్మ వేళ్ళు మెడ దగ్గరకి వెళ్ళి, దూది అంచు ఎక్కడుందో పట్టుకున్నాయి. కింద ఎముకని తాకాయి. ఆమె గోడకి జరిగిపోయింది. అరవలేదు. చాలా చిన్న గొంతుతో అంది.

"మీరు నా కూతుర్ని తొడుక్కుని వచ్చారు. దాన్నేం చేశారు?"

అక్క ఆ గదిలోనే, నిలబడ్డ చోటే, అంతా విప్పేసింది. దూది కుప్పగా నేల మీద పడింది. నేను ఏడ్చాను. అక్క ఏడవలేదు.

ఆ తర్వాత పెద్దమ్మ ఆవిడ చేతి ముద్ద ముట్టలేదు. నేను పెడితే తినేది, నేను పనికి వెళ్తే పస్తు. మనిషి వడిలిపోతుంటే చివరికి అక్కే అంది. "నన్ను ఆయానని చెప్పవే. కూతురు పంపిందని చెప్పు. తింటే చాలు."

నేను ఆ మాట పెద్దమ్మ చెవిలో అరిచాను. అంత గట్టిగా అబద్ధం చెప్పడం నా జన్మలో అదే. పెద్దమ్మ ఆలోచించి, "మా అమ్మాయి పంపిందా? అయితే సరే" అంది. ఆ పూటే తింది.

మాస్టరు బొమ్మ సంగతి తెలిసి నన్ను చెడామడా తిట్టాడు. పీట మీదికి ఇంకో మనిషిని వెతుక్కున్నాడు. అక్క బొత్తాల దగ్గరే ఉంది. ఆరోగ్యంగా ఉంది. తల్లిని ఒక్కతే ఎత్తి కూర్చోబెడుతుంది, మెట్లు దింపుతుంది, ఎక్కిస్తుంది. దేనికోసం కోయించుకుందో అది చక్కగా నెరవేరింది.

మొన్న నేను వెళ్ళేసరికి అక్క తల్లికి ముద్దలు పెడుతోంది. పెద్దమ్మ మధ్యలో ఆగి, మర్యాదగా అడిగింది.

"మీరు మా అమ్మాయిని ఎరుగుదురా?"

అక్క చెవి దగ్గరికి వంగి, "ఎరుగుదునండీ" అంది.

"రోజూ మధ్యాహ్నం వచ్చేది. ఆ ఆదివారం నుంచి రావట్లేదు." పెద్దమ్మ పక్కనున్న గుంటని తడిమింది. "చల్లగా ఉంటోంది. అందరూ దాన్ని లావంటారు. లావేం కాదండీ, నిండుగా ఉంటుంది. పుట్టినప్పుడు ఎలకపిల్లంత ఉంది, బతకదన్నారు. ముద్ద ముద్దా పెట్టి పెంచుకున్నాను. ఆ ఒళ్ళంతా నేను నా చేత్తో పెట్టిందే."

అక్క చేతిలో ముద్ద అలాగే ఉంది.

"నేనే నోరు పారేసుకున్నాను. తగ్గవే, తగ్గవే అని దాని ప్రాణం తీశాను. ఊరికే అనేదాన్ని. అది పక్కనుంటే ఏదో ఒకటి అనాలనిపిస్తుంది కదా, అందుకని అనేదాన్ని. నిజంగా తగ్గమని కాదు." ఆమె గాల్లోకి చెయ్యి చాచింది. వేళ్ళు దొన్నెలా వంగి ఉన్నాయి. "మీకు కనపడితే చెప్పండమ్మా. ఇంక ఎప్పుడూ అననని చెప్పండి. రమ్మనండి."

అక్క ముద్ద కంచంలో పెట్టి, తల్లి మూతి తుడిచింది. ఆ చాచిన చేతి వైపు తన ముంజెయ్యి కాస్త కదిలి, ఆగిపోయింది. చెవి దగ్గర నోరు పెట్టి, వినపడేలా గట్టిగా అంది.

"చెప్తాను అమ్మగారూ."